నీలి వైర్లన్నీ ఒక్క దిక్కు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడిగేశాక నేను సర్వర్ గదిలోకి వెళ్ళి, లోపలి నుంచి గడియ పెట్టుకుని, ఇనుప రాక్ వెనక గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని నవలలు చదువుకునేదాన్ని. మా దవాఖాన మొత్తంలో పొద్దంతా ఏసీ నడిచే గది అదొక్కటే. పని లేకుండా ఎవరూ రాని గది కూడా అదే. ఎవరైనా తలుపు తడితే "చెక్ చేస్తున్నా" అనేదాన్ని. ఏం చెక్ చేస్తున్నానో అడిగినవాళ్ళు లేరు. డైరీలో ఇంటి సంగతులూ ఆఫీసు కోపాలూ అన్నీ రాసుకునే నేను ఈ ఒక్కటి మాత్రం అందులో కూడా రాయలేదు. రాస్తే ఆ గది చేజారిపోతుందేమోనని భయం.

మాది మిషన్ వాళ్ళు నడిపే కంటి దవాఖాన. కంప్యూటర్లు చూసుకునే మనిషిని నేనొక్కదాన్నే. అంటే ప్రింటర్‌లో కాగితం అయిపోయినా నన్నే పిలుస్తారు, టీవీలో పాటలు రాకపోయినా నన్నే పిలుస్తారు. నాకు నోరు తక్కువ. మీటింగులో జవాబు తెలిసి కూడా గొంతులోనే ఆగిపోతుంది. అది బయటికొచ్చేది సాయంత్రం కాజీపేట బస్సెక్కాక. అక్కడ వినడానికి ఎవరూ ఉండరు కనుక ఇంటికెళ్ళి డైరీలో రాసుకుంటాను. కిందటి డిసెంబర్ పేజీలు తిరగేస్తే సగానికి సగం అడ్మినిస్ట్రేటర్ సారుకు నేను చెప్పని జవాబులే ఉన్నాయి.

ఆ సారు ఏదో ప్రభుత్వ ఆఫీసులో రిటైరై వచ్చినవాడు. మంచివాడే. కానీ కరెంటు మీటరు తిరుగుతుంటే ఆయనకు తన రక్తం కారుతున్నట్టే ఉంటుంది. సాయంత్రం ఓపీ అయిపోగానే సర్వర్లన్నీ పద్ధతిగా మూయించి, ఏసీ ఆపించి, తాళం వేయిస్తాడు. లోకంలో అందరూ బ్యాకప్ రాత్రిపూట తీసుకుంటారని ఎన్నిసార్లు చెప్పినా, "రాత్రి దాంట్ల ఎవలు పని చేస్తరమ్మా?" అని ఒకటే ప్రశ్న. అందుకని మా దవాఖానలో ఏ బ్యాకప్ అయినా పగలే జరగాలి.

గొడవంతా రికార్డుల గది వాళ్ళు వాడే పాత మిషను గురించి. మిషను అంటున్నాను గానీ అది విడిగా కంటికి కనిపించే పెట్టె కాదు. రాక్‌లో ఉన్న ఒకే పెద్ద సర్వర్ లోపల మూడు మిషన్లు ఉన్నాయి. వర్చువల్ మిషన్లు అంటారు. మేం అద్దెకుండే ఇల్లు ఇలాంటిదే. ఒకే స్లాబు కింద మూడు పోర్షన్లు. ఒకదాని గుమ్మం మెయిన్ రోడ్డు మీదికి, ఒకదానిది లోపలి వాకిట్లోకి, మూడోదానిది వెనక గుడ్డి సందులోకి. ఎవరి వంట వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. సర్వర్‌లోనూ అంతే. అపాయింట్‌మెంట్ల మిషను ఇంటర్నెట్ వైపు తెరుచుకుంటుంది. బిల్లులూ కంటి స్కాన్ ఫోటోలూ ఉన్న మిషను ఆఫీసు నెట్‌వర్క్‌లోకి. మూడోది పాత రికార్డుల మిషను. అది ఎప్పటి సాఫ్ట్‌వేరో, ఇప్పుడు బయటి గాలి తగిలితే వైరస్ పట్టుకోవడం ఖాయం. అందుకే దానికి ఏ రోడ్డూ లేదు. రికార్డుల గదిలో ఉన్న ఒక్క కంప్యూటర్ నుంచి ఒక్క వైరు నేరుగా దాని దగ్గరికి వెళ్తుంది. అదే దాని గుడ్డి సందు.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునే ఆమెను డాక్టర్ల నుంచి ఆయాల దాకా అందరూ పెద్దమ్మ అంటారు. నేనూ అదే అంటాను. తెల్ల చీర, చిన్న సిలువ గొలుసు, చేతికి ఎప్పుడూ ఒక రబ్బరు బ్యాండు. ఆ మిషన్లోని పాత రోగుల చీటీలన్నీ ఆమె చేత్తో ఎక్కించినవే.

సారు ఆ మిషనును మూసేద్దామన్నాడు. ఆయన వాదన తప్పని నేను అనలేను. తనిఖీకి వచ్చినవాళ్ళు బ్యాకప్ లేనిదేదీ ఉంచకూడదన్నారు. పాత మిషనుకు బ్యాకప్ లేదు. కొత్త సాఫ్ట్‌వేరు వాళ్ళేమో ఈ మధ్య సంవత్సరాల చీటీలు మాత్రమే తీసుకుంటామంటున్నారు, అంతకు ముందువి తమ వల్ల కాదంటున్నారు. అవి పోతే పోనీ అన్నాడు సారు.

ఆ వారమే తొర్రూరు వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. పత్తి అమ్ముకుని, ఆ చేత్తోనే కన్ను చూపించుకుందామని వచ్చినవాడు. చేతిలో ఒక్క కాగితం లేదు. నీటికాసుల జబ్బు. కంట్లో ఒత్తిడి ఇవాళ ఎంతుందో చూడడం తేలికే, కానీ ఇదివరకు ఎంతుండేదో తెలిస్తేనే అది పెరుగుతోందా, మందు పనిచేస్తోందా అన్నది తేలుతుందని డాక్టరమ్మ అంది. పెద్దమ్మ ఆయన ఊరు అడిగింది, తండ్రి పేరు అడిగింది, కుడి కన్నా ఎడమ కన్నా అని అడిగింది, పాత మిషన్లోంచి ఆయన చీటీ తీసింది. ఒత్తిడి చాలా పెరిగింది. డాక్టరమ్మ ఆ పూటే ఆపరేషనుకు రాసింది. ఆయన వెళ్ళేటప్పుడు పెద్దమ్మ నా వైపు చూసి, ఇట్లాంటోళ్ళు ఇంకెంతమంది వస్తారో నీకు తెలుసా అన్నట్టు తల ఊపింది. నాకు తెలియదు. ఆ మిషను పోకూడదని మాత్రం ఆ రోజే అనుకున్నాను.

మామూలు బ్యాకప్ దీనికి పనికిరాదు. మామూలు పద్ధతిలో ప్రతి మిషను లోపలా ఒక చిన్న ప్రోగ్రాం పెట్టాలి. దాన్ని ఏజెంట్ అంటారు. అది లోపల కూర్చుని సామాను మూట కట్టి, ఆ మిషను గుమ్మంలోంచి, దాని రోడ్డు మీదుగా బ్యాకప్ పెట్టె దాకా మోసుకొస్తుంది. పాత మిషనులోకి ఆ ప్రోగ్రాం ఎక్కనే ఎక్కదు. ఎక్కినా మోసుకెళ్ళడానికి రోడ్డు లేదు. కానీ ఏజెంట్ లేని పద్ధతి ఇంకొకటి ఉంది. అందులో ఏ పోర్షను తలుపూ తట్టక్కర్లేదు. స్లాబు ఎవరిదో వాళ్ళనే అడుగుతాం, అంటే మిషన్లన్నిటినీ మోస్తున్న పెద్ద సర్వర్‌ని. అది ఒక క్షణం దగ్గర గీత గీస్తుంది. ఆ గీత తర్వాత రాసేవన్నీ పక్కన వేరే ఫైలులో పడుతుంటాయి. గీతకు ముందున్న డిస్క్ కదలకుండా నిలబడి ఉంటుంది, దాన్ని తాపీగా కాపీ చేసుకుంటాం. కాపీ అయ్యాక పక్కన రాసినవి తీసుకెళ్ళి డిస్క్‌లో కలిపేస్తుంది. లోపల పనిచేసుకుంటున్నవాళ్ళకు ఏం జరిగిందో తెలియను కూడా తెలియదు. గుమ్మం మెయిన్ రోడ్డు మీద ఉందా, వాకిట్లో ఉందా, గుడ్డి సందులో ఉందా అన్న ప్రశ్నే రాదు. మొదటిసారి మొత్తం తీసుకుంటే చాలు, తర్వాత మారిన ముక్కలు మాత్రమే తీసుకుంటుంది. ఏ ముక్క మారిందో సర్వర్ గుర్తు పెట్టుకుంటుంది.

ఇదంతా నేను సారుకు ఇంత చక్కగా చెప్పానని అనుకోకండి. ఇది డైరీలో ఉన్న జవాబు. మీటింగులో నేను చెప్పింది, "సార్, లోపలికి పోకుండానే తీసుకోవచ్చు సార్" అని.

ఆయన డాక్టరమ్మ వైపు తిరిగి, "ఇగో, ఈమె తలుపు తియ్యకుంటనే ఇంట్ల సామాను తెస్తదట. దీన్ని మా దిక్కు వేరేతీరుగ అంటరమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, అదింకా దరిద్రం.

అయినా ఒప్పుకున్నాడు. పాత సర్వర్ పెట్టె ఒకటి మూల పడి ఉంటే దాన్నే బ్యాకప్ పెట్టె చేసుకున్నాను, వైర్లు తప్ప కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. దానికి రెండు వైర్లు. ఒకటి ఆఫీసు నెట్‌వర్క్‌కి, పెద్ద సర్వర్‌తో మాట్లాడటానికి. రెండోది రాక్ అడుగున, మిషన్ల డేటా అంతా ఉండే డిస్కుల పెట్టె తాలూకు స్విచ్‌కి, అంటే దాని వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టెకి. గీత గీయమని ఆఫీసు దారిన చెప్తుంది, గీశాక డేటా మాత్రం రెండో దారిన నేరుగా డిస్కుల నుంచి చదువుకుంటుంది. ఈ రెండో దారిలో బిల్లులూ ఉండవు, స్కాన్‌లూ ఉండవు, ఎవరికీ అడ్డం రాదు. షాపులో ఆ రోజు నీలి రంగు వైర్లే ఉన్నాయి. ఆఫీసు వైర్లు కూడా నీలివే కనుక తేడా తెలియాలని, చదువుతున్న నవలలో గుర్తుగా పెట్టుకునే ఎర్ర దారం తీసి ఈ రెండో వైరు చివర కట్టాను.

ఇంకొక చిక్కు ఉంది. కొత్త మిషన్లకైతే గీత గీసే ముందు "ఒక్క క్షణం ఆగు, రాసేది పూర్తి చేసుకో" అని చెప్పవచ్చు. పాత మిషనుకు ఆ మాట వినే చెవి లేదు. పెద్దమ్మ ఏదైనా రాస్తుండగా గీత పడితే సగం రాసింది సగంగానే కాపీలోకి వస్తుంది. ఆమె కచ్చితంగా కీబోర్డు ముట్టుకోని సమయం కావాలి. అది ప్రార్థన సమయం. రోజూ ఓపీ తెరిచే ముందు అందరం హాల్లో నిలబడతాం. ఒక పాట, ఒక వాక్యం, రోగుల కోసం ప్రార్థన. ఆ కాసేపు పెద్దమ్మ ఫోను మోగినా ఎత్తదు. గీత అప్పుడు గీయిస్తానని ఆమెకు చెప్పాను.

"నేను ప్రార్థనల ఉన్నప్పుడు నా మిషనుకు ఫోటో దించుతవా బిడ్డా? దించు. గప్పుడే జర మంచిగ కనవడ్త" అంది.

అలా కొన్ని వారాలు ఏ గొడవా లేకుండా నడిచింది. పాట మొదలవుతుండగా బ్యాకప్ మొదలు, టోకెన్లు పిలిచేసరికి పూర్తి. ఎవరూ నన్ను మెచ్చుకోలేదు, ఎవరూ తిట్టలేదు. నాకు కావలసింది రెండోదే.

డిసెంబర్ వచ్చింది. క్రిస్మస్‌కు ముందు దవాఖానకు సున్నాలు వేస్తారు. ఆదివారం నేను లేనప్పుడు సర్వర్ గదికి కూడా వేశారు. రాక్‌ను గోడ నుంచి జరపడానికి వైర్లన్నీ పీకారట. ఆ పొద్దున ఒక అత్యవసరం కేసు కోసం తెరిచిన మిషన్లు నడుస్తూనే ఉన్నాయట, వాటిని మూయాలన్న సంగతి ఎవరికీ తోచలేదు, ప్లగ్గులు లాగేశారట. సోమవారం నేను వెళ్ళేసరికి గది తెల్లగా మెరుస్తోంది, రాక్ దాని చోట అది ఉంది, అన్నీ నడుస్తున్నాయి. వైర్లను మా కరెంటు అన్న మళ్ళీ పెట్టాడని చెప్పారు. బల్బుల నుంచి జనరేటర్ దాకా దవాఖానలో కరెంటుకు సంబంధించినవన్నీ ఆయనే చూస్తాడు. వైర్లు ముందెప్పుడూ లేనంత అందంగా, కట్టలు కట్టలుగా ఉన్నాయి. పండుగకు ఫాదర్ ప్రతి గదినీ దీవించడానికి వస్తారు కనుక చక్కగా సర్దాడట. నేను చూసి, బాగుంది అనుకుని, నా కుర్చీలోకి వెళ్ళిపోయాను.

ఆ పొద్దుటి నుంచే మొదలైంది. బిల్లు కొడితే రాదు. స్కాన్ ఫోటో సగం వచ్చి నిలబడిపోతుంది. ఓపీ వరస మెట్ల దాకా పాకింది. కేసముద్రం నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చిన ఒకామె, ఇంతసేపు నిలబడితే కొత్త కండ్లద్దాలు కాదు కొత్త కాళ్ళు రాయాలని కౌంటర్ దగ్గర అంటుంటే వరసంతా నవ్వింది. సారు నా దగ్గరికి వచ్చి, ఏం నడుస్తోంది ఇప్పుడు అని అడిగాడు. బ్యాకప్ అన్నాను. మొన్నటిదాకా ఎప్పుడో ముగిసిపోయేది ఇంకా నడుస్తోంది. ఆపమన్నాడు. ఆపాను. వెంటనే అన్నీ పరుగెత్తాయి. ఇంక నా మాట ఎవరు వింటారు?

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ప్రార్థనకు మొదలవుతుంది, ఓపీ వేళకు అన్నీ నత్తనడక, సారు వస్తాడు, నేను ఆపుతాను. ప్లగ్గులు అలా లాగేసినందుకు ఏ ముక్కలు మారాయన్న గుర్తు సర్వర్ పోగొట్టుకుంది. మళ్ళీ మొత్తం మొదటి నుంచి చదవాలి. ఒక్కసారి పూర్తయితే చాలు, తర్వాత మళ్ళీ మారిన ముక్కలతో సరిపోతుంది. కానీ పూర్తి కానిస్తేగా! రోజూ మధ్యలో ఆపించడం, మర్నాడు మళ్ళీ మొదటి ముక్క నుంచి. అన్నం ఉడకకముందే దించుతూ, ఎందుకు ఉడకట్లేదని అడిగినట్టు. ఈ మాట కూడా డైరీలోనే అన్నాను.

దవాఖానలో ఏది చెడినా ఇప్పుడు బ్యాకప్ వల్లే. మందుల షాపు ఫ్రిజ్ చప్పుడు చేస్తే బ్యాకప్. లిఫ్టు ఆగితే బ్యాకప్. ఒక నర్సు నన్ను మెట్ల మీద ఆపి, తన ఫోన్లో సిగ్నల్ రావట్లేదు, నీ బ్యాకప్ జర ఆపరాదూ అని నిజంగానే అడిగింది. 

ఆ గురువారం సారు రికార్డుల గదిలోనే, పెద్దమ్మ ముందే తేల్చేశాడు. "చూడమ్మా, బ్యాకప్పు పెడితే దవాఖాన నడుస్తలేదు. బ్యాకప్పు లేకుంటె పాతది ఉంచొద్దన్నరు. క్రిస్మస్ దాంక చూస్త. అయినంక ఈ పాతది బంద్. ఇగ నన్ను అడగొద్దు."

 సారు వెళ్ళాక పెద్దమ్మ చేతి రబ్బరు బ్యాండు తీసి, మళ్ళీ వేసుకుని, నా వైపు చూసింది. ఆమె అన్నది ఇంతే: "ఆయన జనవరిల మళ్ళొస్తడు బిడ్డా." ఎవరాయన అని నేను అడగక్కర్లేదు, ఆపరేషను చేయించుకున్న తొర్రూరు ముసలాయన.

నేను చేయాల్సిందల్లా చేశానని అనుకుంటున్నాను. పగలంతా ఆ ప్రోగ్రాం రాసే చిట్టా చదివాను. ఎర్ర అక్షరాలు వస్తే తప్పు అని అర్థం. నేను ఆపినప్పుడు వచ్చిన ఎర్ర అక్షరాలు తప్ప ఇంకేవీ లేవు. స్విచ్ ముసలిదైందేమో అనుకున్నాను. డిస్కులు పోతున్నాయేమో అనుకున్నాను. ఇంట్లో అమ్మ నా ముఖం చూసి, ఎవరైనా ఏమన్నా అన్నారా అని అడిగింది. బ్యాకప్ అని చెప్తే, అది ఎవరు అంది.

శనివారం మధ్యాహ్నం, ఇంక ఆలోచించే ఓపిక లేక, డబ్బా కడిగేసి నవల పట్టుకుని రాక్ వెనక కూర్చున్నాను. కొత్త సున్నం వాసన. రెండు పేజీలు చదివానో లేదో బిల్లుల కౌంటర్ నుంచి ఫోను. లేవాలి. పేజీలో గుర్తు పెట్టుకుందామని పాత అలవాటు కొద్దీ దారం కోసం వెతికాను. పుస్తకంలో లేదు. ఒళ్ళో లేదు. అప్పుడు గుర్తొచ్చింది, దాన్ని వైరుకు కట్టాను కదా అని. తల ఎత్తి చూశాను. ఎర్ర దారం నా కళ్ళకు ఎదురుగానే ఉంది. కింద డిస్కుల స్విచ్ దగ్గర ఉండాల్సింది, పైన ఆఫీసు స్విచ్‌లో, మిగతా నీలి వైర్ల మధ్య, వరసలో బుద్ధిగా నిలబడి ఉంది.

ఫోను మోగుతూనే ఉంది. నేను పుస్తకం మూసి, స్క్రీన్ దగ్గరికి వెళ్ళి ఆ చిట్టాలో ఎర్రవి వదిలేసి మామూలు అక్షరాలు చదివాను. ఒక వరసలో రాసి ఉంది, డిస్కుల దారి దొరకలేదు, నెట్‌వర్క్ దారిన చదువుతున్నాను అని. అంతే. తప్పు అని లేదు, హెచ్చరిక అని లేదు. దగ్గరి దారి మూసుకుపోతే ఈ ప్రోగ్రాం ఆగదు, అరవదు, ఇంకో దారి చూసుకుంటుంది. ఆ ఇంకో దారి రోగుల వరస నిలబడ్డ దారే. డిస్కులన్నీ మొత్తంగా ఆఫీసు నెట్‌వర్క్ మీదుగా, బిల్లులనూ స్కాన్‌లనూ పక్కకు తోస్తూ వస్తున్నాయి. అంత వినయం ఉన్న ప్రోగ్రాం మీద నాకు వచ్చిన కోపం సారు మీద కూడా ఎప్పుడూ రాలేదు.

కరెంటు అన్నను పిలిచాను. ఆయన వచ్చి, నేను వైరు వైపు చెయ్యి చూపిస్తే, మెచ్చుకోవడానికి పిలిచాననుకున్నాడు.

"మంచిగున్నది గద చెల్లె? ఎర్రవి ఎర్రవి, పచ్చవి పచ్చవి, నీలివన్ని ఒక్క దిక్కు. బతుకమ్మ పేర్చినట్టు పేర్చిన. ఇదివరకు ఎట్లుండె, చెత్తకుప్ప లెక్క."

నిజంగానే బతుకమ్మలా ఉంది. ఒక్కో రంగు ఒక్కో వరస. తంగేడు వరసలోకి గునుగు పువ్వు రాకుండా పేర్చిన చెయ్యి అది. మా ఇంట్లో అలా పేర్చకపోతే నాయనమ్మ ఊరుకునేది కాదు. ఆయనను ఏమనాలి? ఈ నీలి వైరు మాత్రం కిందికి వెళ్ళాలన్నా అని మెల్లగా చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. వరస చెడిపోతుందన్నాడు. చెడిపోతుందన్నాను. "నీలివి నీలివాటి తోని ఉండాలె గద" అని ఇంకోసారి అన్నాడు, వైరు కాదు మనుషుల గురించి మాట్లాడుతున్నంత బాధగా. నేను దాన్ని తీసి కింది స్విచ్‌లో పెట్టాను. పై వరసలో ఒక ఖాళీ మిగిలింది. ఆయన ఆ ఖాళీనే చూస్తూ నిలబడ్డాడు. ఆఖరికి, ఎర్ర దారం బదులు కనపడేటట్టు పసుపు టేపు చుడతాను, అప్పుడైనా అందంగా ఉంటుందని చెప్పి వెళ్ళి, టేపు తెచ్చి చుట్టాడు. దారం నాకు ఇచ్చేశాడు.

సోమవారం పొద్దున ప్రార్థనలో నేను ఒక్క మాట కూడా వినలేదు, దేవుడు క్షమించాలి. పాట మొదలైనప్పుడు గీత పడింది. టోకెన్లు పిలవడం మొదలైంది, బ్యాకప్ ఇంకా నడుస్తూనే ఉంది, మొత్తం చదవాలి కదా. నేను సారు రాక కోసం చూస్తూ కూర్చున్నాను. బిల్లులు వస్తున్నాయి. స్కాన్‌లు వస్తున్నాయి. డేటా అంతా కింది దారిన పోతోంది, పై దారిన ఎవరికీ తగలడం లేదు. సారు రాలేదు. వరస చక్కగా కదిలింది. చాలాసేపటికి బ్యాకప్ ముగిసింది. ఆ సంగతి దవాఖానలో ఒక్కరూ గమనించలేదు. పాడైతే అందరికీ తెలుస్తుంది. బాగైతే చెప్పుకోవడానికి నేనే వెళ్ళాలి. వెళ్ళడమే నాకు చేతకాని పని.

వెళ్ళాను. పాత మిషను బ్యాకప్ అయిందని, బంద్ పెట్టనక్కర్లేదని సారుకు చెప్పాను. ఆయన నమ్మలేదు. అయిందంటే ఎట్ల నమ్మాలె, చూపించు అన్నాడు. ఈ ఒక్క విషయంలో ఆయనదే సరైన మాట. తిరిగి లేపి చూడని కాపీ ఉన్నా లేనట్టే.

పెద్దమ్మను కూడా సర్వర్ గదికి రమ్మన్నాను. కాపీలోంచి పాత మిషనుకు కవల లాంటి ఇంకో మిషనును లేపాను. దాన్ని అసలు మిషను ఉండే గుడ్డి సందులోనే పెడితే ఒకే పేరు, ఒకే అడ్రసు ఉన్న ఇద్దరు ఒక వాకిట్లో నిలబడి కొట్టుకున్నట్టవుతుంది. అందుకని ఏ వైరూ లేని, గుమ్మమే లేని నెట్‌వర్క్ ఒకటి కొత్తగా చేసి అందులో పెట్టాను. పెద్ద సర్వర్ స్క్రీన్ మీద నుంచి కిటికీలోంచి చూసినట్టు చూడవచ్చు. పాత మిషను మెల్లగా కళ్ళు తెరిచింది. పెద్దమ్మ నన్ను పక్కకు జరిపి కూర్చుంది.

మొదట తొర్రూరు ముసలాయన చీటీ తీసింది. ఉంది. ఒత్తిడి అంకెలతో సహా ఉంది. శనివారం సాయంత్రం ఆఖరుకు రాసిన చీటీ తీసింది. ఉంది. సారు ముందుకు వంగి, ఇవాళ పొద్దున మొదటి టోకెను ఎవరిదో అడిగి, అది తీయమన్నాడు. లేదు.

"ఇది లేదేందమ్మా మరి?" అన్నాడు నా వైపు తిరిగి. నా గొంతులో జవాబు ఉంది. మామూలుగానే అక్కడ ఆగిపోయింది.

పెద్దమ్మ స్క్రీన్ మీది నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "అది ప్రార్థన అయినంక రాసిన సారూ. ఫోటో దించినంక వచ్చినోడు ఫోటోల ఎట్ల ఉంటడు?"

సారు వంగినవాడు నిటారుగా లేచాడు. తర్వాత, ఉండనియ్యి, పాతది ఉండనియ్యి అన్నాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ఇంత చిన్న వైరు సంగతి కనిపెట్టడానికి ఇన్ని రోజులా, మరి ఇప్పుడెట్లా కనిపెట్టినవు అని అడిగాడు. చెక్ చేస్తుంటే కనబడింది సార్ అన్నాను. ఏసీ ఎక్కువ చల్లగా పెట్టారని, మీటరు తిరుగుతోందని చెప్పి వెళ్ళిపోయాడు. అదే ఆయన మెచ్చుకోలు.

పెద్దమ్మ లేచి చీర సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ నా భుజం పట్టుకుని వెనక్కి తిప్పింది. నా చున్నీ మీద, వీపంతా అరచేత్తో దులిపింది. తెల్లటి పొడి రాలింది. రాక్ వెనక గోడ సున్నం అది. శనివారమూ, ఆ రోజూ దాన్ని వీపున వేసుకుని దవాఖానంతా తిరుగుతున్నానని నాకు తెలియదు. ఆమె రాక్ వెనక్కి ఒకసారి తొంగి చూసింది, నేల మీద ఉన్న నవలను చూసింది. తలుపు దగ్గర ఆగి అంది:

"గోడకు ఒరుగుడు బంద్ చెయ్యి బిడ్డా. నా రూం ఇగ ఏడికి పోదు గద, కిటికీ కాడ ఇంకో కుర్సీ ఉన్నది, వచ్చి సదువుకో. కని కథ మాత్రం నాకు జెప్పకు, నువ్వు సదివినంక నేను సదువుత."